గొడ్డలి పట్టించిన బడి

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, మాన్స్‌ఫీల్డ్ పట్టణానికి దగ్గర్లో కొండల మధ్య యూకలిప్టస్ అడవిలో టింబర్‌టాప్ ఉంది. ఇది జీలాంగ్ గ్రామర్ స్కూల్‌కు చెందిన అడవి బడి. ప్రధానోపాధ్యాయుడు జేమ్స్ డార్లింగ్ 1953లో దీన్ని ప్రారంభించారు. అప్పటి నుంచి ఆ స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఏడాదంతా ఇక్కడే ఉండి చదువుతున్నారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసు పిల్లలకు నాలుగు గోడల మధ్య కుదురు ఉండదు. ఆ ఉడుకును అణచకుండా పనిలోకి మళ్లించడం డార్లింగ్ దూరదృష్టి.

ఈ ఆలోచనకు మూలాలు జర్మనీలో ఉన్నాయి. 1920లో సాలెం స్కూల్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన కుర్ట్ హాన్, హిట్లర్‌ను బాహాటంగా ఎదిరించి 1933లో జైలుపాలయ్యారు. విడుదలయ్యాక బ్రిటన్ చేరి, 1934లో స్కాట్లాండులో గార్డన్‌స్టౌన్ స్కూల్ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు మునిగినప్పుడు లైఫ్‌బోట్లలో పడుచు నావికుల కంటే వయసు మళ్లినవాళ్లే ఎక్కువగా బతికి బయటపడుతున్నారని ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్ బాధపడ్డారు. కుర్రవాళ్లకు కండబలం ఉన్నా కష్టాన్ని ఓర్చుకునే అలవాటు లేదన్నమాట. ఆయన అండతో హాన్ 1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీలో ఔట్‌వర్డ్ బౌండ్ శిక్షణ మొదలుపెట్టారు.

టింబర్‌టాప్‌లో కష్టాన్ని ఓర్చుకునే ఆ అలవాటు కట్టెల దగ్గరే మొదలవుతుంది. సుమారు పదిహేను మంది ఒక ఇంట్లో ఉంటారు. స్నానానికి వేడినీళ్లు కావాలంటే బాయిలర్ కింద మంట పెట్టాలి. మంటకు కట్టెలు కావాలి. కట్టెలు పిల్లలే కొట్టుకోవాలి. పచ్చి మొద్దు పొగే గాని సెగ ఇవ్వదు. కాబట్టి ముందుచూపుతో చీల్చి ఆరబెట్టుకోవాలి. ఒకరు బద్ధకిస్తే ఇంటిల్లిపాదికీ చన్నీళ్లే. కొండల మీద మంచు పడే రోజుల్లో ఆ చన్నీళ్లు నేర్పినంత బాగా ఏ మాస్టారూ బాధ్యత నేర్పలేరు. గణితం, భాష పాఠాలు మామూలుగానే సాగుతాయి. వారాంతాల్లో గుడారం, తిండి, మ్యాపు వీపున వేసుకుని కొండలెక్కుతారు. మొబైల్ ఉండదు, ఇంటికి ఉత్తరాలు రాస్తారు. నేటి బ్రిటన్ రాజు చార్లెస్ 1966లో గార్డన్‌స్టౌన్ నుంచి వచ్చి రెండు టర్ములు ఇక్కడ గడిపారు.

అయితే ఏడాది పాటు ఇలా ఉండాలంటే జీలాంగ్ గ్రామర్ స్కూల్లోనే చేరాలి. ఇతర బడుల పిల్లల సంగతేమిటన్న ప్రశ్నకు అమెరికాలో మంచి జవాబు దొరికింది. బోస్టన్ దగ్గరి మిల్టన్ అకాడమీ 1984లో వెర్మాంట్ రాష్ట్రం వెర్షైర్‌లోని ఒక పొలంలో మౌంటెన్ స్కూల్‌ను సెమిస్టర్ బడిగా నడపసాగింది. పదకొండో తరగతి పిల్లలు, విడతకు సుమారు 45 మంది, వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చి ఒక సెమిస్టర్ ఉండి, మళ్లీ తమ బడికి వెళ్లిపోతారు. ఉదయం పాఠాలు ఉంటే మరో పూట పశువుల మేత, కూరగాయల మళ్లు, కట్టెల పని ఉంటాయి. పండించిందే భోజనంలోకి వస్తుంది. అడవిలో ఒంటరిగా గడిపే రోజులూ ఉంటాయి. 1988లో మెయిన్ రాష్ట్ర తీరాన చెవాంకీ, 1998లో కొలరాడో లెడ్‌విల్‌లో హై మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్ ఇదే బాట పట్టాయి.

వీటి ఫీజులు చాలా ఎక్కువ. ఉపకారవేతనాలు కొందరిని ఆదుకుంటున్నా, ఈ చదువు ఇప్పటికీ ప్రధానంగా ఉన్నవాళ్ల పిల్లలకే అందుతోంది.