తెల్ల బంగారం తెల్లబడే వేళ

సికింద్రాబాద్ పాట్ మార్కెట్ సందులో ఇరుకు మెట్లెక్కి పైకి చేరేసరికి ముందుగా ముక్కుకు తగిలేది ఘాటైన ఆమ్లం వాసన. వెంటనే మెరుగు మోటారు రొద. కిటికీ పక్కన బల్ల మీదికి వంగి కూర్చున్న ఆచారి గారు తలెత్తి, "తెచ్చారా అమ్మా?" అంటారు.

ఉంగరం తీసి ఇస్తాను. పదకొండేళ్ల కిందట నిశ్చితార్థానికి పెట్టిన తెల్ల బంగారం. కొన్ననాడు అద్దంలా తళతళలాడేది. ఇప్పుడు అరచేతి వైపంతా పసుపు తేలింది. మోసపోయామేమోనని ఇంట్లో అందరికీ అనుమానమే.

ఆయన భూతద్దం పెట్టి లోపలి ముద్ర చదువుతారు: 750.

"వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారమేనమ్మా. మిగతాది నికెల్, రాగి, జింకు. ఇవి కలిపినా బంగారం పసుపు పూర్తిగా చావదు. పైన కనిపించే తెలుపు రోడియం అనే లోహపు పూతది. అదే అరిగింది. ఈ మధ్య వేలు దురద పెడుతోందా?"

పెడుతోంది. నికెల్ కొందరి ఒంటికి పడదు. ఇన్నాళ్లూ రోడియం పొర దానికి అడ్డుగా ఉంది. ఈ రెండు ముక్కలూ అమ్మిన రోజే దుకాణంలో చెప్పి ఉంటే ఎంత బావుండేది! ఎవరికైనా అది తెలిసి తీరాల్సిన సంగతి.

తిరిగే గుడ్డ చక్రానికి ఎర్ర మైనం రాసి, ఉంగరాన్ని దానికి ఆనిస్తారు. గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. "ప్రతిసారీ ఇసుమంత బంగారం అరుగుతుంది. ఊరికే ఏటేటా రాకండి," అంటారు. తర్వాత సబ్బు నీళ్ల అల్ట్రాసోనిక్ తొట్టి. సన్నగా జుమ్మంటూ అది అదురుతుంటే, వజ్రాన్ని పట్టి ఉంచిన కొక్కేల కిందినుంచి బూడిదరంగు మురికి పొగలా జారుతుంది. పదకొండేళ్ల చపాతీ పిండి, క్రీము, సబ్బు.

అసలు పరీక్ష ఆ తర్వాత. కడిగిన ఉంగరాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, రాగి తీగతో పైకెత్తి వెలుతురులో పట్టుకుంటారు. నీరు ఒకే పొరగా పరుచుకోవాలి. ఉంగరం భుజం దగ్గర చిన్న చుక్కగా విడిపోయింది. అక్కడింకా జిడ్డుందన్నమాట. ఏమీ మాట్లాడకుండా మళ్లీ కడుగుతారు. మూడోసారికి గానీ నీరు విడవకుండా నిలవలేదు.

ఇప్పుడు బీకరు. తేనెరంగు ద్రవం, పల్చటి గంధకామ్లంలో రోడియం. లీటరుకు రెండు గ్రాముల లోహం ఉంటే ఎక్కువ. వేడి నలభై డిగ్రీల పైన. ప్లాటినం పూసిన టైటానియం జల్లెడకు ఒక తీగ, ఉంగరానికి ఇంకో తీగ. రెక్టిఫయర్ ముల్లు మూడు వోల్టుల దగ్గర ఆగింది. ఉంగరం చుట్టూ సన్నటి బుడగలు. ఆయన తీగను మెల్లగా ఊపుతూ పెదాలతో అంకెలు లెక్కపెడుతున్నారు. వజ్రంలో కరెంటు పారదు కనుక దాని జోలికి ఏదీ పోదు. ముత్యం పొదిగిన నగనైతే ఈ ఆమ్లంలోకి దించనే దించరట.

1804లో రసాయన శాస్త్రవేత్త వొలాస్టన్ రోడియాన్ని కనుగొన్నప్పుడు, దాని లవణాల ఎరుపు చూసి గ్రీకులో గులాబీ పేరు పెట్టాడు. ఎక్కువగా దక్షిణాఫ్రికా గనుల్లో ప్లాటినం వెంట కొద్దికొద్దిగా దొరుకుతుంది. అందులో సింహభాగం కార్ల పొగను శుద్ధిచేసే కన్వర్టర్లకే పోతుంది. మిగిలినదాంట్లోంచి ఓ రవ్వ ఈ సందు దాకా వచ్చింది.

"నలభై."

ఉంగరం పైకి లేచింది. మొదట కడిగిన నీళ్లను పారబోయకుండా సీసాలోకి వంచుతారు. అందులోనూ రోడియం ఉంటుంది మరి.

అరచేతిలో పెట్టిన ఉంగరం ఇంకా గోరువెచ్చగా ఉంది. పసుపు జాడే లేదు. ఈ పొర మందం వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. "గిన్నెలు తోమేటప్పుడు తీసెయ్యండమ్మా," అంటూ ఆయన అప్పుడే ఇంకెవరివో కమ్మలు అందుకున్నారు. భూతద్దం అడిగి ఉంగరం లోపలికి చూస్తాను. 750 అంకెల గాడిలోకి కూడా తెలుపు దిగింది.