కారు లేకుండా కొండల ట్రిప్.. వేటపాలెం నుంచి పిల్లలతో వెళ్తున్నారా? ముందు చూసుకోవాల్సింది తిరుగు బస్సు!

సెలవులు దగ్గరపడుతున్నాయంటే పిల్లల నోట ఒకటే మాట.. "ఈసారి ఎక్కడికి?" ఎప్పుడూ ఓడరేవు, రామాపురం బీచ్‌లేనా అని అలుగుతారు. కొండలు చూపిద్దామంటే పెద్దవాళ్లకు కారు అద్దె గుర్తొచ్చి గుండె గుభేల్‌మంటుంది. మగ్గం నేసే ఇంట్లో, జీడిపప్పు పనికి వెళ్లే ఇంట్లో రెండు రోజులు సెలవు అంటే రెండు రోజుల కూలి పోయినట్టే. దానిపై కారు ఖర్చు కూడానా?

నిజానికి కారు అక్కర్లేదు. వేటపాలెం నుంచి బస్సు, రైలు ఎక్కి పిల్లలతో నడిచి వచ్చేయగల కొండలు ఉన్నాయి. అయితే ఒక్క విషయంలో పొరపాటు చేస్తే ట్రిప్ అంతా టెన్షనే. అదే తిరుగు ప్రయాణం. చాలామంది ఎలా వెళ్లాలో చూసుకుంటారు, ఎలా రావాలో అక్కడికెళ్లాక ఆలోచిస్తారు. చీకటి పడ్డాక కొండ కింద పిల్లలతో, సామానుతో ఆటో కోసం ఎదురుచూసినవాళ్లకు ఆ బాధ తెలుసు.

ప్లాన్ వెనక నుంచి వేయాలి.. ఎలాగంటే?

ముందు కొండ దగ్గర నుంచి సాయంత్రం వచ్చే చివరి బస్సు ఎప్పుడో కనుక్కోండి. దాన్ని మర్చిపోండి! దానికి ముందు బస్సే మీ బస్సు అనుకోండి. ఏ కారణం చేతనో అది రాకపోతే చివరి బస్సు చేతిలో ఉంటుంది.

ఉదాహరణకు మీ బస్సు సాయంత్రం 4:30కి అనుకుందాం. 4 గంటలకల్లా స్టాప్‌లో ఉండాలి. దిగడానికి గంటన్నర పడుతుందంటే 2:30కి పైనుంచి కదలాలి. భోజనానికి, ఫొటోలకు గంట. అంటే మధ్యాహ్నం 1:30కి పైకి చేరి ఉండాలి. ఎక్కడానికి మూడు గంటలైతే 10:30కి మొదటి మెట్టు మీద కాలు పెట్టాలి. ఇప్పుడు ఇంట్లో ఎన్నింటికి లేవాలో మీకే తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంకో మాట. నడకకు పట్టే టైమ్ నాన్న వేగంతో లెక్కేయకూడదు. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లతో లెక్కేయాలి. అది ఆరేళ్ల పాప కావచ్చు, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కావచ్చు. అనుకున్న టైమ్‌కి పైకి చేరకపోతే ఎక్కడున్నారో అక్కడి నుంచే వెనక్కి తిరగండి. కొండ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది.

1. కోటప్పకొండ: ఒక్క రోజు, ముందు ఇదే ప్రాక్టీస్

పిల్లలు ఎంత దూరం నడవగలరో తెలియకుండా పెద్ద ట్రిప్ పెట్టుకోవద్దు. ముందు దగ్గరి కొండతో మొదలుపెట్టండి. వేటపాలెం నుంచి చీరాల, అక్కడి నుంచి పర్చూరు మీదుగా చిలకలూరిపేట బస్సు. పేట నుంచి కొండకు బస్సు గానీ ఆటో గానీ. మొత్తం కలిపి 70 కిలోమీటర్లు అటూ ఇటూ. దారి పొడవునా పత్తి, మిర్చి చేలే. సీజన్‌లో కళ్లాల్లో ఆరబోసిన ఎర్రటి మిరపకాయలు చూడటమే పిల్లలకు ఒక సరదా.

కోటప్పకొండకు త్రికూటాద్రి అని పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలని మూడు. పైన త్రికోటేశ్వరస్వామి. ఈ కొండ మీద కాకులు వాలవని ఇక్కడివాళ్ల నమ్మకం. పిల్లలకు ఆ పని అప్పజెప్పండి.. కాకి కనిపిస్తే చెప్పమనండి, మెట్లు ఎక్కుతున్నట్టే తెలియదు!

మెట్ల దారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి కాబట్టి నడవలేని పెద్దవాళ్లు రోడ్డు దారిలో పైకి రావచ్చు. మహాశివరాత్రి తిరునాళ్లకు ప్రభలు, లక్షల జనం. ఆ సందడి చూడాలంటే వెళ్లండి కానీ పిల్లల నడక ప్రాక్టీస్‌కు అది రోజు కాదు. మామూలు రోజుల్లో మాత్రం సాయంత్రానికి బస్సులు పలచబడతాయి. కాబట్టి చిలకలూరిపేట బస్టాండ్‌లో దిగగానే మీ మొదటి పని.. విచారణ కౌంటర్‌లో తిరుగు బస్సు వేళలు అడిగి రాసుకోవడం.

2. తిరుమల నడకదారి: ఎక్కేటప్పుడు నడక, దిగేటప్పుడు బస్సు

తెలుగు ఇళ్లలో చాలామంది జీవితంలో మొదటిసారి కాలినడకన ఎక్కే పెద్ద కొండ తిరుమలే. కారు లేనివాళ్లకు ఇంతకన్నా వీలైన కొండ రాష్ట్రంలో మరోటి దొరకదు. కారణం సింపుల్. పైనుంచి తిరుపతికి ఆర్టీసీ బస్సులు వరసగా ఉంటాయి. అర్ధరాత్రి కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూస్తారు, అది తప్ప తిరుగు ప్రయాణం గురించి దిగులు లేదు. మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, ఆ పని బస్సు చూసుకుంటుంది.

వేటపాలెంలో స్టేషన్ ఉన్నా దూరప్రాంత రైళ్లు ఎక్కువగా చీరాలలోనే ఆగుతాయి. చీరాల నుంచి గూడూరు, శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి సుమారు 300 కిలోమీటర్లు.

నడకదారులు రెండు. అలిపిరి మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. పిల్లలతో నాలుగైదు గంటలు వేసుకోండి. గాలిగోపురం వరకు మొదటి రెండు వేల మెట్లే అసలు పరీక్ష. తర్వాత చాలాదూరం చదునుగా సాగి చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారు. రెండోది శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం దాటాక ఉంటుంది. దూరం 2.1 కిలోమీటర్లే, మెట్లు 2,388. దగ్గర కదా అని చిన్నపిల్లలతో ఇటే వెళ్దామనుకుంటారు. దారి పొట్టిదే కానీ ఎక్కడం ఆగదు, చదును తక్కువ. మెల్లగా, ఆగి ఆగి నడిచే కుటుంబానికి అలిపిరే నయం. సామాను కింద కౌంటర్‌లో ఇస్తే టీటీడీ ఉచితంగా పైకి చేరుస్తుంది.

జాగ్రత్త.. ఇది మాత్రం మర్చిపోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడి చేసి ఆరేళ్ల చిన్నారిని పొట్టన పెట్టుకుంది. అంతకు రెండు నెలల ముందు కూడా అదే దారిలో ఓ బాలుడిపై దాడి జరిగింది. ఆ తర్వాత మధ్యాహ్నం 2 దాటాక 15 ఏళ్లలోపు పిల్లలను నడకదారిలోకి పంపకూడదని టీటీడీ నిర్ణయించింది. ఈ వేళలు, వయసు పరిమితులు అప్పుడప్పుడూ మారుతుంటాయి, బయలుదేరే ముందు టీటీడీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. రూల్ ఏదైనా పిల్లలతో తెల్లవారాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి పైకి చేరిపోండి. పిల్లలను ముందుకు పరిగెత్తనివ్వొద్దు, వెనకబడనివ్వొద్దు. గుంపు మధ్యలో నడిపించండి.

నడిచి వెళ్తే దర్శనం టోకెన్ తప్పకుండా వస్తుందనుకోవద్దు, అదీ ముందే కనుక్కోండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో రద్దీ చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ వాటర్ బాటిళ్లకు కొండ మీద అనుమతి లేదు, స్టీలు సీసాలు పట్టుకెళ్లండి.

3. అరకు, వంజంగి: మూడు నాలుగు రోజులుంటేనే

చీరాల నుంచి విశాఖపట్నం సుమారు 440 కిలోమీటర్లు. రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. అక్కడి నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ ఉదయాన్నే బయలుదేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. కొత్తవలస-కిరండూల్ లైన్‌లో సొరంగాలు 58. చీకట్లోకి దూరి వెలుగులోకి వచ్చే ప్రతిసారీ పిల్లల కేకలు వినాల్సిందే. పై వరకు అద్దాలుండే విస్టాడోమ్ పెట్టె ఈ లైన్‌లో 2017లో వచ్చింది. అందులో సీటు కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి.

రైల్లో వెళ్తే బొర్రా గుహలు ముందు వస్తాయి, తర్వాత అరకు. వెళ్లేటప్పుడు నేరుగా అరకు వెళ్లి, మర్నాడు బస్సులో బొర్రా చూసుకుంటూ దిగడం సులువు. మేఘాల కొండ వంజంగి మాత్రం పాడేరు పక్కన. ఇక్కడ మన లెక్క తిరగబడుతుంది. మేఘాలు కనిపించేది తెల్లవారుజామున, ఆ వేళకు బస్సే ఉండదు. ముందురోజే పాడేరు చేరి, రాత్రి బస చేసి, ఆటో మాట్లాడుకోవాలి. ఆటో దిగాక చీకట్లో ఎక్కాలి, టార్చిలైట్లు తప్పనిసరి. బాగా చిన్నపిల్లలుంటే అరకుతోనే సరిపెట్టుకోండి.

ఏజెన్సీలో చలికి చీరాల స్వెట్టర్ ఆగదు, మందపాటివి తీసుకోండి. దోమల మందు, కొంచెం నగదు దగ్గరుంచుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ పే పనిచేయదు. టికెట్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం.. అరకు నుంచి దిగిన రోజు రాత్రికే చీరాల రైలు బుక్ చేయొద్దు. కొండ రైలు ఆలస్యమైతే ఆ టికెట్ వృథా. విశాఖలో ఒక రాత్రి ఉండి మర్నాడు బయలుదేరితే నిశ్చింత.

టికెట్ల సంగతి.. ఇవి తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది

రైలు: రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు. అయిదేళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు వద్దనుకుంటే టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు తీసుకుంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం.

బస్సు: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఏపీ మహిళలకు, బాలికలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు వర్తించదు. తిరుపతి-తిరుమల మధ్య తిరిగే సప్తగిరి బస్సులకూ ఇది లేదు. కోటప్పకొండ ట్రిప్‌లో అమ్మ, నాయనమ్మ, ఆడపిల్లలకు బస్సు ఖర్చు దాదాపు సున్నా!

ఎప్పుడు వెళ్లాలి?

దసరా సెలవులు వానల్లో పడతాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు మన తీరానికి తుపాన్ల కాలం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, అప్పుడు ఎన్నో రైళ్లు రద్దయ్యాయి. అరకు లైన్‌లో వానలకు బండరాళ్లు జారి రైళ్లు ఆగిన సందర్భాలూ ఉన్నాయి. తుపాను హెచ్చరిక ఉంటే టికెట్ డబ్బుల కోసం మొండికేయొద్దు. రైల్వేనే రైలు రద్దు చేస్తే చార్జీ మొత్తం తిరిగొస్తుంది. ఎండాకాలమైతే పొద్దున్నే ఎక్కి పదింటికల్లా పూర్తిచేయాలి. నడకకు డిసెంబర్ చివరి నుంచి ఫిబ్రవరి వరకు హాయి.

సంచిలో ఏముండాలి?

ఒక్కొక్కరికి కనీసం లీటరు మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పులిహోర, వేరుశనగ చెక్కీ. జీడిపప్పుకు మనూరే పేరు, గుప్పెడు పొట్లం కట్టుకోండి. కోతులున్నచోట మాత్రం సంచి విప్పొద్దు. ప్రతి పిల్లాడి జేబులో ఇంటి ఫోన్ నంబర్ రాసిన చీటీ ఉండాలి. ప్రమాదమైతే 108, ఏ సాయానికైనా 112, రైల్లో ఇబ్బంది వస్తే 139.

ఇంట్లో కూర్చుని ఇప్పుడే ఒక కాగితం తీసుకోండి. అడుగున తిరుగు బస్సు టైమ్ రాసి, పైకి లెక్కేసుకుంటూ రండి. లెక్క కుదిరితే చీరాల బస్సెక్కండి. కుదరకపోతే ఒక రాత్రి బస కలపండి, లేదా చిన్న కొండ ఎంచుకోండి.