మనోరంజన్ భక్త: శాసనసభ లేని దీవుల నుంచి ఎనిమిదిసార్లు లోక్‌సభకు

అండమాన్ నికోబార్ దీవుల నుంచి ఎనిమిదిసార్లు లోక్‌సభకు ఎన్నికైన కాంగ్రెస్ నాయకుడు మనోరంజన్ భక్త. 1977 నుంచి 2009 వరకు, మధ్యలో అయిదేళ్లు మినహా, ఆ దీవుల ప్రజలు దిల్లీకి పంపిన ప్రతినిధి ఆయనే. 2015లో ఆయన కన్నుమూశారు.

ఒకే ఒక్క స్థానం

ఈ దీవులు 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడ్డాయి. శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేరు. 1982 వరకు చీఫ్ కమిషనర్, అటుపిమ్మట లెఫ్టినెంట్ గవర్నర్ కేంద్రం తరఫున పాలన సాగిస్తూ వచ్చారు. నౌకల రాకపోకలైనా, పాఠశాలలైనా, భూమి పట్టాలైనా నిర్ణయం అధికారులదే. ఆ నిర్ణయాన్ని చట్టసభలో ప్రశ్నించగల ఎన్నికైన వ్యక్తి ఒక్క లోక్‌సభ సభ్యుడే. ఇతర రాష్ట్రాల్లో ఎమ్మెల్యే వద్దకు వెళ్లే అర్జీ కూడా ఇక్కడ ఎంపీ గుమ్మానికే చేరుతుంది.

ఆ సభ్యుడిని ఎన్నుకొనే హక్కు సైతం ఆలస్యంగానే దక్కింది. 1952లో కార్ నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్ నామినేషన్ ద్వారా తొలి లోక్‌సభలో అడుగుపెట్టారు. దీవుల ప్రజలు లోక్‌సభ సభ్యుడిని ఎన్నుకొనేందుకు తొలిసారి ఓటు వేసినది 1967లో. ఆ ఎన్నికలోనూ, 1971లోనూ కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్ గెలుపొందారు.

వరుసగా ఏడు విజయాలు

అత్యవసర పరిస్థితి అనంతరం జరిగిన 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ కుప్పకూలింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలకు 41 ఆ పార్టీకే దక్కాయి. అండమాన్ కూడా అదే బాటలో నడిచి భక్తను తొలిసారి గెలిపించింది. ఆపై 1980, 1984, 1989, 1991, 1996, 1998 ఎన్నికల్లోనూ విజయం ఆయననే వరించింది. దిల్లీలో ప్రభుత్వాలు మారినా ఈ స్థానం చేయి మారలేదు.

ఏ ఒక్క భాషా వర్గం బలంతోనూ ఇక్కడ గెలుపు సాధ్యం కాదు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులకు ఇక్కడ పునరావాసం కల్పించారు. ఛోటా నాగపూర్ కూలీలు, శిక్ష అనుభవించిన ఖైదీల వారసులు, నికోబారీలు, తమిళులు, మలయాళీలు, తెలుగువారు కలిసిన సమాజమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగాలీ మాతృభాషగా గలవారు 28 శాతం, తెలుగు వారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివెళ్లిన కుటుంబాలకు విశాఖపట్నం నౌక నేటికీ పుట్టింటి దారి. ఇన్ని వర్గాల ఆదరణను భక్త రెండు దశాబ్దాలకు పైగా నిలుపుకొన్నారు.

ఓటమి, పునరాగమనం, సునామీ

1999లో బీజేపీ అభ్యర్థి విష్ణుపద రాయ్ ఆయనను ఓడించారు. 2004లో భక్త తిరిగి గెలిచారు. అదే ఎన్నికల్లో, శాసనసభ లేని మరో ద్వీప ప్రాంతమైన లక్షద్వీప్‌లో, పది పర్యాయాలు గెలిచిన పి.ఎం. సయీద్ కేవలం 71 ఓట్ల తేడాతో పరాజయం పాలయ్యారు.

ఆ ఏడాది డిసెంబరు 26న సునామీ విరుచుకుపడింది. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. బాధితులు రేకుల తాత్కాలిక నివాసాల్లో ఏళ్ల తరబడి గడపవలసి వచ్చింది. సహాయం, పునర్నిర్మాణం, పరిహారం అన్నీ అధికార యంత్రాంగం చేతిలోనే ఉన్న ఆ కాలంలో, దీవుల తరఫున లోక్‌సభలో ఉన్నది ఆయన ఒక్కరే. అదే ఆయన చివరి పదవీకాలం. 2009లో విష్ణుపద రాయ్ మళ్లీ ఎన్నికయ్యారు.

ఆయన తరువాత

2019లో కాంగ్రెస్ 1,407 ఓట్ల ఆధిక్యంతో ఈ స్థానాన్ని దక్కించుకోగా, 2024లో బీజేపీ తిరిగి చేజిక్కించుకుంది. స్థానిక సంస్థల్లో కొత్త గొంతులు కూడా వినిపిస్తున్నాయి. 2022 పోర్ట్ బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ రెండు వార్డులు గెలిచింది. మరుసటి ఏడాది ఆ పార్టీ సభ్యురాలు బీజేపీ మద్దతుతో పురపాలక మండలి అధ్యక్షురాలయ్యారు. అయితే పంచాయతీలకు, పురపాలక మండలికి చట్టాలు చేసే అధికారం లేదు. శాసనసభ కావాలన్న కోరిక నేటికీ నెరవేరలేదు. భక్త తొలిసారి గెలిచిన నాటివలెనే, దీవుల తరఫున లోక్‌సభలో లేచి మాట్లాడేది నేటికీ ఒక్కరే.