ఆగామి లేని అమ్మకం: ఉత్తర తెలంగాణలో పత్తి విత్తనం, కొనుగోలుదారుని హక్కు

ప్రవేశిక

యుబిసాఫ్ట్ అనే ఫ్రెంచి సంస్థ 2014 డిసెంబరులో 'ది క్రూ' అనే కార్ల పందేల వీడియో గేమును విడుదల చేసింది. 2024 మార్చి 31న దాని సర్వర్లను ఆపివేసింది. డబ్బు పెట్టి కొన్నవారి దగ్గర డిస్కు మిగిలింది, ఆట మిగలలేదు. వారు కొన్నది ఆటను కాదని, ఆడుకొనే అనుమతిని మాత్రమేనని సంస్థ వాదించింది. 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం ఈ సందర్భంలోనే మొదలైంది. అదే సంవత్సరం కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అనుమతిని అమ్ముతూ దానికి 'కొనుగోలు' అని పేరు పెట్టదలిస్తే ఆ సంగతి కొనేవారికి ముందే స్పష్టంగా చెప్పాలన్నది దాని సారాంశం. అది 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది.

ఈ వివాదానికి తెలుగునేల మీద ఒక పూర్వరంగం ఉంది. డిస్కులో పెట్టి అమ్మిన సాఫ్ట్‌వేరు సరుకా, కాదా అన్న వ్యాజ్యం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి మధ్య నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1957 నాటి రాష్ట్ర సాధారణ అమ్మకపు పన్ను చట్టం ప్రకారం అది సరుకేనని 2004 నవంబరు 5న ధర్మాసనం తేల్చింది. పన్ను వేయవలసి వచ్చినప్పుడు సరుకైనది, కొన్నవాడు హక్కు అడిగేసరికి అనుమతిగా మారిపోవడం విడ్డూరమే.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ ప్రశ్న వినోదానికి సంబంధించి కాక బతుకుదెరువుకు సంబంధించి, రెండు దశాబ్దాల ముందే ఎదురైంది. అక్కడ డిస్కు స్థానంలో ఉన్నది 450 గ్రాముల పత్తి విత్తనాల పొట్లం. ఆ పొట్లం కొన్న రైతుకు దక్కినదేమిటో, దక్కనిదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జిల్లాల పేర్లు 2016 అక్టోబరు పునర్వ్యవస్థీకరణకు ముందున్న హద్దులను ఉద్దేశించినవి.

అమ్మకం, నాగు, ఆగామి

తెలుగు శాసనాల్లోను, దస్తావేజుల్లోను యాజమాన్యాన్ని చెప్పే పరిభాష చాలా విస్పష్టమైనది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో భూమిని ధారాదత్తం చేయడం శాసనాల్లో తరచుగా కనిపిస్తుంది. దాన, వినిమయ, విక్రయాలకు కొన్నవారికి సర్వహక్కులు ఉంటాయన్న వాక్యం నేటి విక్రయ పత్రాల్లోనూ నిలిచి ఉంది. ఇవి స్థిరాస్తికి చెందిన మాటలు, విత్తనం చరాస్తి. ఆ తేడాను విస్మరించరాదు. అయినా అమ్మకం అనగానే ఈ సమాజం దేనిని ఊహించుకొన్నదో ఈ మాటలు చూపుతాయి. వస్తువుతోపాటు దాని మీద ముందుముందు కలిగే ఫలం, అంటే ఆగామి, కొన్నవాడికే చెందుతుంది. విత్తనం విషయంలో ఆగామి అంటే మరుసటి ఏటి విత్తనమే.

తెలంగాణ పల్లెల్లో విత్తనం చేతులు మారిన మరో పద్ధతి నాగు. గింజలు లేనివారు ఉన్నవారి దగ్గర కొలిపించుకొని తెచ్చుకొని, పంట చేతికి వచ్చాక అదనపు గింజలు చేర్చి తిరిగి కొలిచి ఇచ్చేవారు. ఇది వడ్డీయే. పేద రైతులను పీల్చిన వడ్డీ. దానిని పూర్వకాలపు ఔదార్యంగా చిత్రించడం పొరపాటు. కాని నాగుకు ఒక హద్దు ఉండేది. అప్పు తీరిన మరుక్షణం గుమ్మిలో మిగిలిన గింజ మీద ఇచ్చినవాడికి ఏ అధికారమూ ఉండదు. దాన్ని విత్తుకొన్నా, పొరుగువాడికి బదులిచ్చినా అడిగేవారు లేరు. 2002 తరువాత పత్తి పొట్లం మీద వచ్చిపడిన రుసుము ఏటేటా కొత్తగా పుట్టే నాగు వంటిది. ఇక్కడ అప్పు తీరడమన్నదే లేదు.

సంకరమే తాళం

నిజాం రాష్ట్రంలో గావరాణీ అనే దేశవాళీ పత్తి ప్రసిద్ధమైనది. ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న నాందేడు దానికి పేరెన్నికగన్న కేంద్రం. దేశవాళీ పత్తిలో గింజకు అంటుకొన్న నూగును పేడలోనో, మట్టిలోనో రుద్ది వదిలించి విత్తుకొనేవారు. అయితే వరి, జొన్న రైతుకు ఉన్న వెసులుబాటు పత్తి రైతుకు మొదటినుంచీ తక్కువ. వరి రైతు గింజనే దాచుకొంటాడు. పత్తి రైతు గింజతో కూడిన పత్తిని అంగడికి తోలుతాడు. జిన్నింగు మిల్లులో దూది ఒకవైపు, గింజ మరొకవైపు పోతాయి. మిల్లుల వ్యాప్తితోనే విత్తనం రైతు ఇంటికి కొంత దూరమైంది.

రెండో ఎడబాటు సంకర విత్తనంతో వచ్చింది. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి. టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలోనే వాణిజ్య స్థాయిలో సాగైన తొలి సంకర పత్తి. సంకర పంట గింజను మళ్లీ విత్తితే తల్లిదండ్రుల గుణాలు విడివిడిగా బయటపడి చేను ఎగుడుదిగుడుగా వస్తుంది, దిగుబడి తగ్గుతుంది. కాబట్టి రైతు ఏటా అంగడికి పోవలసిందే. అమెరికాలో పత్తి ఎక్కువగా సూటి రకాలదే. గింజ దాచుకొంటే పనికి వస్తుంది. అందువల్ల అక్కడ కంపెనీలు రైతుచేత ఒప్పందాల మీద సంతకాలు చేయించుకొన్నాయి, పేటెంటును ప్రయోగించాయి. కొన్న సోయా గింజను మళ్లీ విత్తుకొన్న ఒక రైతుకు వ్యతిరేకంగా అమెరికా సుప్రీంకోర్టు 2013లో తీర్పిచ్చింది కూడా. భారతదేశంలో ఆ అవసరమే రాలేదు. ఆదిలాబాద్ రైతు ఏ ఒప్పందం మీదా వేలిముద్ర వేయలేదు. తాళం గింజలోనే ఉంది. వీడియో గేమును కంపెనీ సర్వరు ఎట్లా కట్టిపడేస్తుందో, విత్తనాన్ని సంకరత్వం అట్లా కట్టిపడేసింది.

ధర మీద పోరు

1997-98లో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పత్తి రైతులు పురుగు బెడదతో, మందుల అప్పులతో చితికిపోయారు. పలువురు ప్రాణాలు తీసుకొన్నారు. కాయతొలుచు పురుగును చంపే గుణాన్ని గింజలోనే పెట్టామన్న ప్రచారానికి ఆ నేపథ్యంలో విలువ ఉంది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి జన్యువును చేర్చిన బీటీ పత్తికి కేంద్రం 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. తొలి మూడు మెక్ రకాలు రాష్ట్రంలో విఫలమయ్యాయన్న ఫిర్యాదుల దరిమిలా 2005లో వాటి అనుమతిని ఆంధ్రప్రదేశ్ వరకు పొడిగించలేదు. కాని సాంకేతికత ఇతర కంపెనీల సంకరాల్లోకి అప్పటికే పాకింది.

మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థ తన జన్యువును విత్తన కంపెనీలకు అనుమతి మీద ఇచ్చేది. విత్తన కంపెనీలు అందుకు చెల్లించవలసిన సొమ్మును పొట్లం ధరలో కలిపి రైతు దగ్గర వసూలు చేసేవి. ఒప్పందాల్లో దాని పేరు 'ట్రెయిట్ వాల్యూ', పత్రికల్లో, రైతుసంఘాల మాటల్లో 'రాయల్టీ'. పొట్లం ధర 1,850 రూపాయల దాకా ఉన్న రోజుల్లో అందులో 1,250 రూపాయలు ఈ పద్దు కిందివే. అంటే రైతు ఇచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులు గింజకు కాదు, గింజలోని గుణానికి. మరో విశేషం: ఆ తొలి బోల్గార్డ్ జన్యువుకు భారతదేశంలో పేటెంటు లేదు. చట్టం ఇవ్వని ఏకస్వామ్యాన్ని ఒప్పందాల గొలుసు సాధించిపెట్టింది.

2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపార నిరోధక కమిషన్‌ను ఆశ్రయించింది. అప్పుడు వ్యవసాయ శాఖ మంత్రి ఎన్. రఘువీరారెడ్డి. అమెరికాలో అదే పరిమాణం గింజకు 108 రూపాయలే వసూలు చేస్తున్నారన్నది రాష్ట్రం వాదనల్లో ఒకటి. ఆ రుసుమును తగ్గించాలని కమిషన్ 2006 మే 11న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రం పొట్లం ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే దొరకలేదు. 2007లో పత్తి విత్తనాల సరఫరాను, ధరలను నియంత్రిస్తూ రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసింది. పొరుగు రాష్ట్రాలు ఈ దారినే నడిచాయి.

రైతు పక్షాన ప్రభుత్వం నిలబడి గెలిచిన అరుదైన ఘట్టం ఇది. దాని విలువను తగ్గించనవసరం లేదు. ఒక్కో పొట్లం మీద వెయ్యి రూపాయలకు పైగా మిగలడం రెండు మూడెకరాల చెలక రైతుకు చిన్న సంగతి కాదు. అయితే వ్యాజ్యం మొత్తం ఎంత అన్న ప్రశ్న చుట్టే తిరిగింది. ఎందుకు అన్న ప్రశ్న రాలేదు. అమ్మిన గింజ మీద అమ్మినవాడికి ఇంకా ఏమి మిగిలి ఉంటుందన్న విచారణ జరగలేదు. ధర తగ్గింది, ఆగామి మాత్రం రైతుకు తిరిగి రాలేదు.

వినియోగదారుడైన రైతు

ఆగామి గురించి మాట్లాడిన చట్టం ఒకటి ఉంది. 2001 నాటి మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షను ప్రకారం రక్షిత వంగడపు విత్తనాన్ని సైతం రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు. దాన వినిమయ విక్రయాలన్న పాత త్రయం ఆధునిక చట్టంలో ఇంత నిండుగా మరెక్కడా కనిపించదు. సంకర పత్తి రైతుకు దీనివల్ల ఒరిగింది తక్కువ. చట్టం తలుపు తెరిచింది, గింజలోని తాళం అట్లాగే ఉంది.

రైతుకు నిజంగా అక్కరకు వచ్చింది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. నాసి విత్తనమని నిరూపించాలంటే నమూనా ప్రయోగశాలకు పంపాలని కంపెనీలు పట్టుబట్టేవి. కొన్న గింజంతా విత్తిన రైతు నమూనా ఎక్కడినుంచి తెస్తాడని, ఆ పరీక్ష చేయించవలసింది కంపెనీయేనని మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్ కంపెనీకి, ఆంధ్రప్రదేశ్ రైతుకు మధ్య నడిచిన వ్యాజ్యంలో 1998లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2012 జనవరి 16న జాతీయ విత్తన సంస్థ వ్యాజ్యంలో వచ్చిన తీర్పు మరింత విస్తృతమైనది. అదీ ఆంధ్రప్రదేశ్ రైతులదే. 1966 విత్తన చట్టం ఉంది కనుక వినియోగదారుల ఫోరానికి పోరాదని, ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉందని, తిరిగి కంపెనీకే అమ్మడానికి పండించేవారు వినియోగదారులు కారని సంస్థ వాదించింది. మూడు వాదాలనూ కోర్టు తోసిపుచ్చింది.

మూడో వాదం వీగిపోవడం కరీంనగర్ జిల్లాకు ప్రత్యేకించి ముఖ్యం. హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం, మానకొండూరు ప్రాంతాలు దేశంలో సంకర వరి విత్తనోత్పత్తికి ప్రధాన క్షేత్రాలు. కంపెనీ ఇచ్చిన ఆడ, మగ మూల విత్తనాలను రైతు వేరువేరు వరుసల్లో నాటుతాడు. పూత సమయంలో తాడు లాగి మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసల మీద రాలుస్తాడు. పండినదంతా ఆర్గనైజరు ద్వారా కంపెనీకే చేరాలి. భూమి, నీరు, చెమట రైతువి, తల్లి గింజ మాత్రం ఆయనది కాదు. నష్టం వస్తే ఇటువంటి రైతు కూడా వినియోగదారుడిగా అడగవచ్చునన్నది ఆ తీర్పు ఇచ్చిన భరోసా.

అయినా వినియోగదారుడు వేరు, యజమాని వేరు. వినియోగదారుల న్యాయస్థానం మొలక రాని గింజకు, కాయ పట్టని చేనుకు పరిహారం ఇప్పించగలదు. గింజలోని గుణం ఏళ్లు గడిచేకొద్దీ కరిగిపోతే ఎవరిని అడగాలి? గులాబీరంగు కాయతొలుచు పురుగు బోల్గార్డ్-2ను తట్టుకొనడం నేర్చింది. 2017 నాటికి మహారాష్ట్రలోను, తెలంగాణలోను దాని తాకిడి తీవ్రమైంది. గుణం పనిచేయడం మానింది, పొట్లం మీద ఆ గుణానికి రుసుము మానలేదు. కేంద్రం 2015 డిసెంబరులో ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి 2016లో రుసుమును 49 రూపాయలకు, తరువాత 39కి, 20కి తగ్గించింది. 2020లో పూర్తిగా తీసివేసింది.

ఈలోగా హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటోకు మధ్య పేటెంటు వ్యాజ్యం సాగింది. విత్తనాలకు పేటెంటు చెల్లదన్న 3(జె) సెక్షను ఆధారంగా 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం పేటెంటును కొట్టివేసింది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి పూర్తి విచారణకు పంపింది. 2021లో ఉభయులూ రాజీపడ్డారు. గింజలోని జన్యువు ఎవరిదన్న ప్రశ్నకు తుది సమాధానం రాకుండానే కథ ముగిసింది. రుసుము భారం చివరికి మోసిన రైతు ఆ పోరులో కక్షిదారుడు కాడు.

పొట్లం బయటి విత్తు

కలుపుమందును తట్టుకొనే పత్తికి దేశంలో అనుమతి లేదు. అయినా మంచిర్యాల, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో 'బీజీ-3' అన్న పేరుతో అది లూజు విత్తనంగా చలామణి అవుతోంది. వానాకాలం ముందు పోలీసులు, వ్యవసాయాధికారులు దాడులు చేసి పట్టుకొంటున్నారు. అధికార పరిభాషలో అది 'నకిలీ'. కాని నకిలీ అన్న ఒక్క మాట రెండు వేరు సంగతులను కలిపేస్తోంది. మొలకెత్తని గింజను మంచిదని నమ్మించి అమ్మడం మోసం. కలుపు కూలి భారం తగ్గుతుందని తెలిసి, కోరి రైతు కొంటున్న అనుమతిలేని గింజ మరొకటి. రెండోదాన్ని అమ్మేవాడు చట్టాన్ని దాటుతున్నాడు. కొన్నవాడు మోసపోతున్నాడో లేదో చేను కాపుకు వస్తే గాని తెలియదు. అప్పుడు కూడా అతడి దగ్గర రసీదు ఉండదు. రసీదు లేనివాడు కొనుగోలును నిరూపించలేడు. 1998, 2012 తీర్పులు రెండూ అతడి గడప దాకా రాలేవు.

రసీదు ఉన్న పొట్లం కోసం 2024 మే నెలాఖరున ఆదిలాబాద్ పట్టణంలో రైతులు విత్తన దుకాణాల ముందు ఎండలో బారులు తీరారు. అందరూ అడిగినది ఒకే కంపెనీకి చెందిన ఒకే సంకర రకం. తోపులాట జరిగి పోలీసులు చెదరగొట్టారు. అప్పటికి ఆ పొట్లం ధరలో రాయల్టీ పద్దు లేక నాలుగేళ్లు.