సుత్తిని వెదకఁగా దొరకిన నిధి

నేలలోని లోహమును ధ్వనిచేఁ దెలుపు యంత్రముతోఁ బాతనాణెములను వెదకుట యింగ్లండున ననేకులకు వినోదము. 1992 నవంబరు 16వ తేదీన, సఫోక్ మండలమందలి హాక్సన్ గ్రామములో నొకఁడు, రైతుమిత్రుఁడు పోఁగొట్టుకొన్న సుత్తిని వెదకుచుండఁగా యంత్రము మ్రోఁగెను. త్రవ్వినకొలఁది వెండిబంగారు నాణెములు వెలువడెను. అతఁ డంతటఁ జేయి యాఁపి యధికారులకుఁ దెలిపెను. మఱునాఁడు పురాతత్త్వజ్ఞులు వచ్చి జాగరూకతతోఁ ద్రవ్విరి. రోమనుల నాఁటి నాణెములు సుమారు 15 వేలు లభించెను. అంతకంటె విలువైన దింకొకటి: 407వ సంవత్సరమునకుఁ బిమ్మట నవి కొయ్యపెట్టెలో నెట్లు సర్ది పాతిపెట్టఁబడెనో తెలిసెను. అన్నియు నతఁడే పెల్లగించి యున్నచో నీ జ్ఞానము నశించెడిది. సుత్తియు దొరకెను, అదియు నేఁడు బ్రిటిషు మ్యూజియమున నున్నది.

మనదేశమందును, 1878 నాఁటి నిధిశాసనము ననుసరించి, పది రూపాయలకు మించిన నిధి దొరకినవాఁడు కలెక్టరున కెఱిఁగింపవలయును. నాణెము దొరకిన చోటు చెదరినచో మిగులునది లోహమే, చరిత్ర కాదు.