పెన్నా లోయ అంచున పిల్లాపాపలతో.. గండికోటలో ఒక రోజు నడక

జమ్మలమడుగు: ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్నానది ప్రవహించే చోట, ఆ చీలికకు ఆనుకొని వెలసిన దుర్గం గండికోట. కొండల నడుమ నది కొట్టిన గండి వల్లనే దీనికాపేరు వచ్చింది. వైఎస్సార్ కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రదేశానికి వచ్చే పర్యాటకుల్లో పలువురు వాహనం దిగి, లోయ అంచున ఛాయాచిత్రాలు తీసుకొని, గంటలోపే వెనుదిరుగుతుంటారు. ఒక పగలు కేటాయించి కాలినడకన తిరిగితే తప్ప ఈ దుర్గం పూర్తిగా అర్థం కాదు. పిల్లలు, వయసు మళ్లినవారు సైతం నడవగలిగిన దారులు ఇక్కడ ఉన్నాయి. ఏమరుపాటుకు తావివ్వకూడని అంచు కూడా ఇక్కడే ఉంది. ఏ దారిలో, ఏ వేళలో, ఎంతవరకు నడవవచ్చునో ముందే తెలుసుకొని బయలుదేరితే కుటుంబ యాత్ర ఆనందంగా ముగుస్తుంది.

లోయ ఎలా ఏర్పడింది?

కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన పెన్నానది 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ ప్రయాణంలో గండికోట వద్ద నదికి ఎదురైనది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ప్రాచీన సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక పొరలు కాలక్రమంలో గట్టిపడి ఈ రాయిగా మారాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ పొరను 'గండికోట క్వార్ట్‌జైట్' అనే పేరుతోనే వ్యవహరిస్తారు. దీని వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే.

ఈ రాయి పొరలు పొరలుగా అడ్డంగా పరచుకొని ఉంటుంది. పొరలను నిలువు పగుళ్లు కోస్తాయి. అందువల్లనే లోయ గోడలు ఎవరో పనిగట్టుకొని దిమ్మెలు పేర్చి కట్టినట్లు కనిపిస్తాయి. నది అడుగున కోత పెట్టినకొద్దీ పక్కనున్న దిమ్మెలు పగుళ్ల వెంబడి విడివడి కింద పడతాయి. ఏటవాలుగా ఒరగకుండా గోడలు నిటారుగా నిలిచి ఉండడానికి కారణం ఇదే. సుమారు 300 అడుగుల లోతున్న ఈ లోయను చూసేటప్పుడు పిల్లలకు ఈ సంగతి వివరిస్తే పాఠ్యపుస్తకంలోని శిలల పాఠం కళ్ల ముందు నిలుస్తుంది.

పెద్దలు గ్రహించవలసిన విషయం మరొకటి ఉంది. అంచున ఉన్న బండ ఎంత విశాలంగా కనిపించినా, వెనుకవైపు పగులుతో అప్పటికే కొండ నుంచి విడివడి ఉండవచ్చు. పగులుకు అవతల ఉన్న బండపైకి అడుగు పెట్టకపోవడమే ఇక్కడ పాటించవలసిన మొదటి నియమం.

మొదటి నడక: సింహద్వారం నుంచి మసీదు వరకు

ఉదయపు నడకను కోట సింహద్వారం నుంచి మొదలుపెట్టడం అనుకూలం. ఇనుప మేకులు తాపడం చేసిన భారీ తలుపులను, వంపులు తిరిగిన ప్రవేశ మార్గాన్ని గమనించాలి. శత్రువుల ఏనుగులు వేగంగా వచ్చి తలుపులను ఢీకొనకుండా ఆనాటివారు చేసిన ఏర్పాటిది. ద్వారం దాటితే గ్రామం వస్తుంది. దుర్గంలో నేటికీ కుటుంబాలు నివసిస్తున్నాయి. ఇళ్ల ముంగిళ్ల మీదుగా నడిచేటప్పుడు అనుమతి లేకుండా ఫొటోలు తీయరాదు. నిర్దేశించిన చోటనే వాహనం నిలిపితే గ్రామస్థులకు ఇబ్బంది కలగదు.

గ్రామం దాటగానే నాలుగు కమానులతో కనిపించే కట్టడాన్ని స్థానికులు చార్మినార్ అని పిలుస్తారు. ఆ సమీపంలోనే ఒకప్పటి కారాగారం ఉంది. మరికొంత ముందుకు నడిస్తే మాధవరాయస్వామి ఆలయ గోపురం కనిపిస్తుంది. విజయనగర కాలపు శిల్పరీతికి ఈ ఆలయం చక్కని నిదర్శనం. మండప స్తంభాలపై చెక్కిన బొమ్మలను వెతికి గుర్తించమని చెబితే పిల్లలు అలసట మరచి ఉత్సాహంగా తిరుగుతారు.

అక్కడి నుంచి రెండు మినార్లతో కూడిన జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, కత్తుల కోనేరు, రంగనాథస్వామి ఆలయం చూడవచ్చు. నిలువెత్తు గోడలతో ఉన్న ధాన్యాగారాన్ని చూస్తే ముట్టడి రోజుల్లో కోటలోని జనానికి తిండి ఎంత ముఖ్యమో బోధపడుతుంది. కోట లోపల నీటికోసం నిర్మించిన రాయల చెరువు కూడా ఆ ముందుచూపునకే గుర్తు. ఈ నడకలో ఎత్తుపల్లాలు తక్కువ. ఆగుతూ, కూర్చుంటూ తిరిగినా మూడు గంటలు సరిపోతుంది.

పెమ్మసాని వారి కోట

గండికోటను 1123లో కాకరాజు నిర్మించాడని సంప్రదాయ కథనం. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఈ దుర్గం ప్రసిద్ధికెక్కింది. 1650 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా కోటను వశం చేసుకున్నాడు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కోటకు చేరే ఇరుకైన దారిని, ఇక్కడ ఫిరంగులు పోత పోయించిన వైనాన్ని తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. 1800లో రాయలసీమ ప్రాంతం నిజాము నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన తరువాత గండికోట సైనిక ప్రాధాన్యం తగ్గిపోయింది.

ఇక్కడి కట్టడాలు భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత కట్టడాలపై పేర్లు చెక్కడం, గీతలు గీయడం చట్టరీత్యా నేరం. 2010లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయినా గోడలపై బొగ్గు రాతలు, సున్నపు రాతలు కనిపిస్తూనే ఉన్నాయి. పిల్లలకు ఈ మాట ఇంటివద్దనే చెప్పి తీసుకురావడం తల్లిదండ్రుల బాధ్యత.

రెండో నడక: లోయ అంచు

మధ్యాహ్నపు ఎండలో విశ్రమించి, సాయంత్రం లోయ దిక్కుకు నడవడం మంచిది. సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో రాతి గోడలు ఎరుపు, తేనె రంగుల్లో మెరుస్తాయి. నడి ఎండలో ఆ రంగులు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. పైగా రాయి వేడెక్కి నిలబడడం కష్టమవుతుంది.

అంచు పొడవునా రక్షణ గోడ లేదు. కాబట్టి కుటుంబాలు కొన్ని జాగ్రత్తలు తప్పక తీసుకోవాలి. పదేళ్లలోపు పిల్లల చేయి పెద్దలు పట్టుకొనే ఉండాలి. అంచుకు కనీసం పది అడుగుల దూరంలో కూర్చోవాలి. సెల్ఫీల కోసం వెనుకకు అడుగులు వేయడం అత్యంత ప్రమాదకరం. వాన కురిసిన తరువాత బండలు జారుతాయి కనుక ఆ రోజు మసీదు, ఆలయాల వరకే పరిమితం కావాలి. సూర్యుడు అస్తమించగానే వెలుతురు ఉండగానే తిరుగుముఖం పట్టాలి. చీకట్లో బండల మధ్య సందులు కనిపించవు.

లోయలోకి దిగే రాళ్ల దారులు ఉన్నాయి. వాటిలో బండలు కదులుతుంటాయి, మెట్లు లేవు. దారి తెలిసినవారు తోడుంటే సాహసికులు వెళ్లవచ్చునేమో గాని పిల్లలతో, వృద్ధులతో ఆ దారి పట్టరాదు.

లోయలో నీటి కథ

లోయకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. గాలేరు-నగరి సుజల స్రవంతి పథకంలో భాగంగా నిర్మించిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా కృష్ణా జలాలు ఇక్కడికి చేరుతున్నాయి. ఒకప్పుడు వానాకాలంలో తప్ప పారని పెన్నా లోయలో నేడు పర్యాటకులు చూస్తున్న నీటి వెనుక ఈ ప్రాజెక్టుల పాత్ర ఉంది.

ఈ నీటికి మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. జలాశయం వెనుక నీటిలో కొండాపురం మండలంలోని పలు గ్రామాలు మునిగిపోయాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. లోయ అందాన్ని ఆస్వాదించేవారు ఆ ఊళ్లను కూడా ఒకమారు తలచుకోవడం సముచితం.

ఎగువ గేట్లు ఎత్తితే లోయలో ప్రవాహం పెరుగుతుంది. ఈ కారణంగా నది ఒడ్డున స్నానాలకు, ఈతకు దిగడం క్షేమం కాదు.

చుట్టుపక్కల చూడదగినవి

రెండో రోజు కేటాయించగలిగితే పెన్నా పరీవాహకంలోని చారిత్రక స్థలాలను కలుపుకోవచ్చు. జమ్మలమడుగులో నారాపుర వేంకటేశ్వరస్వామి ఆలయం, సమీపంలోని దానవులపాడులో జైన అవశేషాలు ఉన్నాయి. అనంతపురం జిల్లా తాడిపత్రిలో పెన్నా ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర ఆలయం, పట్టణంలోని చింతల వేంకటరమణ ఆలయం పెమ్మసాని నాయకుల కాలంనాటివే. గండికోటలో కోటగోడలు చూసినవారు, అదే వంశం శిల్పకళకు ఇచ్చిన ఆదరణను తాడిపత్రిలో చూడవచ్చు.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు పిల్లలకు మరో పాఠం. ఇక్కడ సున్నపురాయిని భూగర్భ జలాలు కరిగించాయి. 3,229 మీటర్ల పొడవు గుర్తించిన ఈ గుహల్లో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర సందర్శకులను అనుమతిస్తారు. 2002 నుంచి ఇవి ప్రజల సందర్శనకు అందుబాటులో ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారు లోపలి ఉక్కపోతను దృష్టిలో ఉంచుకోవాలి. కడప దిక్కుగా తిరిగి వెళ్లేవారు పెన్నా ఒడ్డున పుష్పగిరి ఆలయ సముదాయాన్ని దర్శించవచ్చు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పిల్లలతో వెళ్లవలసి వస్తే ఉదయం తొమ్మిదిలోపు నడక ముగించాలి.

గుంతకల్లు-రేణిగుంట రైలు మార్గంలో ముద్దనూరు స్టేషనులో దిగి జమ్మలమడుగు మీదుగా రోడ్డు మార్గాన చేరుకోవచ్చు. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలో జమ్మలమడుగుకు కూడా స్టేషను ఉంది. కడప నుంచి ప్రొద్దుటూరు మీదుగా వచ్చేవారికి జమ్మలమడుగు చివరి పట్టణం. మందులు, పాలు, పిల్లల ఆహారం వంటివి అక్కడే సమకూర్చుకోవాలి. బస చేయదలచినవారికి కోట సమీపంలో పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. సెలవు రోజుల్లో ముందుగా గది ఖాయం చేసుకొని రావడం మంచిది.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, టోపీ, పట్టున్న చెప్పులు లేదా బూట్లు, టార్చిలైటు, ప్రథమ చికిత్స సామగ్రి వెంట ఉండాలి. తెచ్చిన ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్లు తిరిగి తీసుకుపోవాలి. గాలికి లోయలో పడిన చెత్తను ఎత్తడం ఎవరి తరమూ కాదు.

గండికోట అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. వసతులు పెరిగితే సందర్శకులూ పెరుగుతారు. అంచు పొడవునా కంచె వేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే కనుక, ఎక్కడ ఆగాలో తెలిసి నడిచే సందర్శకుడే ఈ లోయకు నిజమైన కాపలాదారు. పిల్లలకు ఆ అలవాటు నేర్పడానికి గండికోటను మించిన బడి దొరకదు.