సర్పగంధ నుంచి రెసర్పిన్ దాకా: ఒక ఉన్మాద ఔషధం – మోతాదు, దుష్ఫలితాల చరిత్ర

వ్యాససంగ్రహం: 1931లో కలకత్తా వైద్యులు ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ మందుగా నివేదించిన సర్పగంధ వేరు, దాని నుంచి 1952లో రసాయనజ్ఞులు విడదీసిన రెసర్పిన్ ఆధునిక మనోవైద్యపు తొలి ఔషధాల్లో నిలిచాయి. ఈ మందు దుష్ఫలితాలు ఎప్పుడు, ఎవరి దృష్టికి వచ్చాయి, వారు వాటిని ఏ పేరుతో పిలిచారు అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మందు విషయంలో చికిత్సాఫలం, దుష్ఫలితం ఒకే చర్యకు పెట్టిన రెండు పేర్లని, ఏ పేరు పెట్టాలన్నది మోతాదును బట్టీ చూసే కంటిని బట్టీ మారుతూ వచ్చిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సర్పగంధ, పాతాళగరుడి, రెసర్పిన్, ఉన్మాదం, కుంగుబాటు, మోతాదు.

ఉపోద్ఘాతం

ఔషధ మొక్కల తెలుగు పేర్ల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని తన పట్టికలో ‘పాతాళగరుడి’ దగ్గర ఆగిపోయారు. ఒక ఆకరంలో ఆ పేరు దూసరతీగకు ఉంది, మరొక దానిలో సర్పగంధకు ఉంది. ఏది తప్పు అని ఆమె అడిగారు. రెండూ వాడుకలో ఉన్నవే కాబట్టి తప్పు అనడానికి వీల్లేదని చెప్పాను. ‘అయితే అంగడిలో ఆ పేరు చెప్పి అడిగినవారికి ఏ వేరు ఇస్తారు?’ అన్నది ఆమె రెండో ప్రశ్న. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

దూసరతీగ పొలాల గట్ల మీద, కంచెల మీద అల్లుకునే తీగ. సర్పగంధ అడుగున్నర, రెండడుగుల ఎత్తు పెరిగే చిన్న పొద. దాని వేరు గుండె వేగాన్ని తగ్గిస్తుంది, రక్తపోటును దించుతుంది, మనసును మందగింపజేస్తుంది. ఈ రెంటికీ ఒకే పేరు ఉండటం భాషాశాస్త్రజ్ఞునికి ఆసక్తికరమైన విషయం. మందు మింగేవానికి మాత్రం అది ప్రమాదం. దీనికి తోడు, దక్షిణ భారతంలో బీడు భూముల్లో తనంత తానే పెరిగే ‘రావుల్ఫియా టెట్రాఫిల్లా’ అనే సజాతి మొక్క వేరును సర్పగంధలో కలిపి అమ్మడం ఔషధ పరీక్షకులకు తెలిసిన కల్తీయే.

శాస్త్రీయ నామం కథ కూడా ఇంతే చిత్రమైనది. 16వ శతాబ్దపు ఆగ్స్‌బర్గ్ వైద్యుడు లియోనార్డ్ రావుల్ఫ్ గౌరవార్థం ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లుమియే 1703లో ‘రావుల్ఫియా’ అనే ప్రజాతి నామం పెట్టాడు. రావుల్ఫ్ పశ్చిమాసియా దాకా ప్రయాణించినవాడే గాని భారతదేశానికి రాలేదు. ప్రాచీన వైద్య గ్రంథాల్లో విషహర సందర్భంలో వచ్చే ‘సర్పగంధ’ ఈ మొక్కేనా అన్న విషయంలోనూ పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. బిహారు ప్రాంతపు జనవ్యవహారం ఇంతకంటే స్పష్టంగా ఉంది. అక్కడ దీన్ని ‘పాగల్ కీ దవా’ అన్నారు, అంటే పిచ్చికి మందు. గుణాన్ని పట్టి పెట్టిన ఈ పేరే తరువాతి చరిత్రకు దారి చూపింది.

కలకత్తా, 1931

ఆయుర్వేదంలోనూ పాశ్చాత్య వైద్యంలోనూ నిష్ణాతుడైన గణనాథ సేన్, వైద్యుడు కార్తీక చంద్ర బోస్ కలిసి 1931లో ‘ఇండియన్ మెడికల్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ సర్పగంధను కొత్త భారతీయ ఔషధంగా అందులో పరిచయం చేశారు. రోజుకు 20 నుంచి 30 గ్రెయిన్ల వేరు పొడి ఇస్తే రక్తపోటు దిగడమే కాక ఉద్రేక లక్షణాలు కూడా తగ్గాయని వారు నివేదించారు. అదే ఏడాది ఢిల్లీ టిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లను విడదీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద ‘అజ్మలిన్’ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. 20–30 గ్రెయిన్లంటే సుమారు 1.3 నుంచి 2 గ్రాములు. వేరులో రెసర్పిన్ వర్గపు ఆల్కలాయిడ్లు కనీసం 0.15 శాతం ఉండాలన్నది అమెరికా ఔషధ ప్రమాణం. ఆ ప్రమాణాన్నే అన్వయిస్తే సేన్, బోస్ ఇచ్చిన పొడిలో రోజుకు రెండు, మూడు మిల్లీగ్రాముల క్రియాశీల ద్రవ్యం ఉన్నట్లు. తరువాతి కాలంలో రక్తపోటుకు స్థిరపడిన రోజువారీ మోతాదు 0.1 నుంచి 0.25 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే ‘వేరు మందు కదా, ఏమీ కాదు’ అనుకుని తీసుకునే చెంచాడు పొడి, నేటి మాత్రకు సుమారు పది రెట్లు కావచ్చు. అదీ వేరు నాణ్యమైనదైతే. వేరు పుట్టిన నేలను బట్టి, తవ్విన ఋతువును బట్టి ద్రవ్యశాతం మారుతుంది కనుక పొడి మందుకు స్థిరమైన మోతాదు అన్నదే ఉండదు. సేన్, బోస్‌లు రోగిని ఎదుట పెట్టుకుని చూసిన వైద్యులు. అంగడి పొడికి ఆ కాపలా లేదు.

సర్పగంధకు ప్రపంచఖ్యాతి ఉన్మాదం ద్వారా కాక రక్తపోటు ద్వారా వచ్చింది. బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగుల మీద చేసిన పరిశీలనను 1949లో ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో ప్రచురించాడు. స్విట్జర్లండ్‌లోని బాజెల్ నగరంలో సీబా సంస్థకు చెందిన ముల్లర్, ష్లిట్లర్, బైన్ 1952లో శుద్ధమైన రెసర్పిన్‌ను వెలికితీశారు. దీనితో తూచి ఇవ్వదగిన మాత్ర తొలిసారి సాధ్యమైంది.

‘సంక్షోభ దశ’ అనే పేరు

న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లండ్ స్టేట్ ఆసుపత్రిలో నేథన్ క్లైన్ ఈ మందును ఉన్మాద రోగులకు ఇచ్చి 1954లో ఫలితాలు ప్రకటించాడు. కాలిఫోర్నియాలో రాబర్ట్ నోస్ బృందం కూడా అదే ఏడాది అదే పని చేసింది. పారిస్‌లో డిలే, డెనికర్ 1952లో క్లోర్‌ప్రొమజైన్‌ను ఉన్మాదానికి వాడటం మొదలుపెట్టి రెండేళ్లే అయింది. అమెరికా ఆసుపత్రుల వార్డుల్లోకి ఈ రెండు మందులూ దాదాపు జంటగా ప్రవేశించాయి. 1957లో లాస్కర్ పురస్కారాన్ని వకీల్, క్లైన్, నోస్, డెనికర్ మరి ఇద్దరితో కలిసి పంచుకున్నారు. 1931 నాటి కలకత్తా వ్యాసకర్తలకు ఆ జాబితాలో చోటు లేదు.

ఈ చరిత్రలో నన్ను బాగా నిలిపివేసిన పత్రం బార్సా, క్లైన్‌లు 1955లో రాసినది. రెసర్పిన్ తీసుకున్న 200 మంది ఉద్రిక్త రోగుల్లో వారు మూడు దశలు గుర్తించారు. మొదటిది మగత. రెండవది సంక్షోభం, ఇందులో రోగి మరింత అశాంతికి, ఆందోళనకు లోనవుతాడు. మూడవది సమన్వయం. రెండవ దశను వారు స్వస్థత వైపు వేసే అడుగుగానే భావించారు. నేటి పాఠకునికి ఆ వర్ణన చదువుతుంటే వేరే పదం స్ఫురిస్తుంది, అది అకథిసియా. కూర్చోలేని, నిలవలేని, లోపలి నుంచి తరిమే కుదురులేనితనం అది. ఉన్మాదనిరోధక ఔషధాలన్నింటిలోనూ రోగులు అతి కష్టంగా భరించే దుష్ఫలితాల్లో అది ఒకటి. ఆ రోగులందరిదీ అకథిసియాయే అని ఇంత దూరం నుంచి నిర్ధారించడం సాహసమే అవుతుంది. కాని ‘దశ’ అని పేరు పెట్టినంత సేపు వైద్యుడు మందు ఆపడు, తగ్గించడు, దశ దాటే దాకా కొనసాగిస్తాడు. పేరు పెట్టడం అనే భాషాకృత్యానికి ఇంతటి పర్యవసానం ఉండటం గమనార్హం.

కుంగుబాటు వాదం

అవే సంవత్సరాల్లో రక్తపోటు వైద్యులు మరొకటి చూశారు. పెద్ద మోతాదులో దీర్ఘకాలం రెసర్పిన్ వాడిన రక్తపోటు రోగుల్లో మానసిక కుంగుబాటు వచ్చిందని ఎడ్వర్డ్ ఫ్రైస్ 1954లో నివేదించాడు. ఇతరులూ అలాంటి కేసులు ప్రకటించారు. దీనికి పూర్తి విరుద్ధంగా లండన్‌లో మైకేల్ షెపర్డ్, డేవిడ్ డేవీస్ ఆందోళన, కుంగుబాటు ఉన్నవారికి ఉత్తుత్తి మాత్రతో పోల్చి రెసర్పిన్ ఇచ్చి, దాని వల్ల మేలు కలిగిందని 1955లో ‘లాన్సెట్’లో రాశారు. అది నియంత్రిత పరీక్ష. ఫ్రైస్‌వి కేసు వివరాలు. అయినా వైద్యలోకం జ్ఞాపకంలో నిలిచింది ఫ్రైస్ మాటే.

దీనికి కారణం ప్రయోగశాలలో ఉందని నా అభిప్రాయం. రెసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని బ్రోడీ బృందం 1955లో చూపింది. 1957లో ఆర్విద్ కార్ల్‌సన్ బృందం రెసర్పిన్ ఇచ్చి కదలిక లేకుండా చేసిన కుందేళ్లకు ఎల్-డోపా ఇవ్వగా అవి మళ్లీ లేచి తిరిగాయి. ఈ మార్గంలోనే డోపమైన్‌కూ పార్కిన్సన్ వ్యాధికీ గల సంబంధం బయటపడింది. 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది. మెదడు రసాయనాలు తగ్గితే కుంగుబాటు వస్తుందన్న సిద్ధాంతానికి 1960లలో రెసర్పిన్ కేసులు అనుకూల సాక్ష్యమయ్యాయి. సిద్ధాంతానికి కేసులు బలమిచ్చాయి, కేసులకు సిద్ధాంతం విశ్వసనీయత ఇచ్చింది. బామైస్టర్, సహరచయితలు 2003లో ఆ పాత సాక్ష్యాన్ని తిరిగి తూచి, రెసర్పిన్ కుంగుబాటు తెస్తుందన్నది చాలా వరకు అపోహేనని వాదించారు. వారి విమర్శలో పస ఉంది. అయితే పాత కేసుల్లో అధిక భాగం పెద్ద మోతాదులవి. చిన్న మోతాదులో అపాయం తక్కువని చెప్పడం వేరు, ఏ మోతాదులోనూ లేదని చెప్పడం వేరు. అపోహ అన్న మాట ఈ తేడాను చెరిపివేస్తుందేమోనని నా సందేహం.

1974లో ఇంకొక దెబ్బ తగిలింది. బోస్టన్, బ్రిస్టల్, హెల్సింకి పరిశోధకులు ఒకే సంచికలో రెసర్పిన్ వర్గపు మందులకూ రొమ్ము కాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చని ‘లాన్సెట్’లో రాశారు. తరువాతి అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. మనోవైద్యంలో మాత్రం ఈ మందు అప్పటికే వెనకబడింది. క్లోర్‌ప్రొమజైన్ త్వరగా పనిచేస్తుంది, రెసర్పిన్‌కు రోజులు, వారాలు పడుతుంది.

వాడుక నియమాల్లో చరిత్ర

రెసర్పిన్ వెంట వచ్చే హెచ్చరిక పత్రాన్ని చరిత్రపాఠంగా చదవవచ్చు. కుంగుబాటు ఉన్నవారికి, ముఖ్యంగా ఆత్మహత్యాలోచన ఉన్నవారికి ఇవ్వరాదు. జీర్ణాశయపు పుండు ఉన్నవారికి ఇవ్వరాదు, ఎందుకంటే ఇది కడుపులో ఆమ్లాన్ని పెంచుతుంది. విద్యుత్ చికిత్స పొందుతున్నవారికి ఇవ్వరాదు. 1950లలో వార్డుల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉండేవి కనుక ఈ వాక్యం వెనుక అనుభవం ఉంది. ముక్కు దిబ్బడ, విరేచనాలు, మగత, నాడి మందగించడం, వణుకు మామూలుగా కనిపించేవి. తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి పోవడం, తనను తాను నిందించుకోవడం మొదలైతే మందు ఆపించాలి. ఆపిన తరువాత కూడా కుంగుబాటు కొన్ని నెలలు నిలవవచ్చు. మందు నరాల కొనల్లోని నిల్వలను ఖాళీ చేస్తుంది, అవి తిరిగి నిండడానికి సమయం పడుతుంది.

ఈ చివరి అంశం ఇంట్లోవారికి తెలియడం ముఖ్యం. ‘ఆ పొడి మానేసి పదిహేను రోజులైంది, ఇంకా దాని వల్లేనా?’ అన్న ప్రశ్నకు అవును, కావచ్చు అన్నదే సమాధానం. అలాగే రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నవారు వైద్యునికి చెప్పకుండా వేరు పొడి కూడా తీసుకుంటే రెండు మందుల బలం కలిసి కళ్లు తిరిగి పడిపోయే దాకా రావచ్చు. నాటుమందును మందుల లెక్కలో చేర్చి చెప్పే అలవాటు మనలో తక్కువ. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’ అని వైద్యుడు అడిగితే మనకు గుర్తొచ్చేవి మాత్రలే.

రెసర్పిన్ పట్టుకునేది నరాల కొనల్లో రసాయనాలను నింపి పెట్టే ఒక రవాణా ప్రొటీన్‌ను. దాని మీదే పనిచేసే టెట్రాబెనజైన్‌ను 2008లో అమెరికా హంటింగ్టన్ వ్యాధిలోని అసంకల్పిత కదలికలకు అనుమతించింది, కుంగుబాటు, ఆత్మహత్య గురించిన తీవ్ర హెచ్చరికతో సహా. 2017లో అదే కోవకు చెందిన వాల్‌బెనజైన్, డ్యూటెట్రాబెనజైన్‌లను టార్డివ్ డిస్కినీసియాకు అనుమతించింది. ఉన్మాదనిరోధక మందులు ఏళ్ల తరబడి వాడినవారిలో నాలుక, పెదవులు, దవడ తమంత తామే కదలడం ఆ వ్యాధి లక్షణం. రెసర్పిన్‌ను వెనక్కు నెట్టి వార్డుల్లో స్థిరపడిన క్లోర్‌ప్రొమజైన్ ఆ వ్యాధిని తెచ్చే మందుల్లో మొదటిది. సర్పగంధ చూపిన దారి ఆ విధంగా ఉన్మాదానికి మందుగా కాక, ఉన్మాదపు మందుల దుష్ఫలితానికి మందుగా మనోవైద్యంలోకి తిరిగి వచ్చింది.